పోగుకు బదులు ఫోటో

మా నాయన పుత్తూరులో పట్టునూలుకు రంగు అద్దేవాడు. నేసేవాళ్ళు వేరే, రంగు మాత్రం ఆయనది. ఫలానా చీర రంగే కావాలని ఎవరైనా అడిగితే, ఆ చీర కొంగు కుచ్చులోంచి ఒక్క పోగు తెమ్మనేవాడు. ఆ పోగును ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాతే గంగాళం కింద మంట పెట్టేవాడు. పోగు లేకుండా ఆయన పని మొదలుపెట్టడం నేనెప్పుడూ చూడలేదు, నేనే ఆ పని చేయించేదాకా.

అప్పుడు నేను తిరుపతిలో ఒక అంగట్లో పనిచేసేవాణ్ణి, పుత్తూరు నుంచే రోజూ పోయొచ్చేవాణ్ణి. రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం అయి ఉంటుంది. రంగుల తెర ఉన్న ఫోను కొన్నాను. మా వీధిలో అందరివీ పచ్చటి తెర మీద నల్లటి అక్షరాల ఫోన్లు. నా దాంట్లో ఫోటో తీయొచ్చు. రింగు సన్నాయి మేళంలా మోగుతుంది. ఇంకో ఫోనుకు తలకు తల ఆనించి పెడితే వైరు లేకుండానే బొమ్మ అటు పోతుంది. ముప్పై ఫోటోలు దాటితే చోటు లేదంటుంది, అది వేరే సంగతి. డబ్బా మీద నాలుగు వేల తొంభై ఆరు రంగులని రాసి ఉంటే, ఫోను నాయన చేతికిచ్చి గొప్పగా చదివి వినిపించాను.

"అన్ని రంగులు యాడుంటాయిరా? నాకు నూరు తెలిస్తే గొప్ప," అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గానీ, ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాడు.

ఆ నెలలోనే తిరుపతిలో ఒకావిడ కూతురి పెళ్ళికి అరక్కు రంగు చీర నేయించి పెట్టమని నాయనకు కబురు పంపింది. అరక్కు అంటే మావైపు వక్క ఛాయ కలిసిన ముదురు ఎరుపు. చనిపోయిన తన తల్లి పెళ్ళిచీర ఆ రంగుదే. అచ్చం అదే రంగు చీర కట్టుకుని పిల్ల పీటల మీద కూర్చోవాలని ఆవిడ కోరిక. పెళ్ళి ఇంకా నలభై రోజులు. పోగు తెమ్మని నాయన నన్ను పంపించాడు.

ఆవిడ పెట్టెలోంచి చీర తీసింది. మడతల్లో చీలిపోయి ఉంది. "కుచ్చులో ఒక పోగు తెంపుకో అబ్బాయ్," అంది గానీ, చెయ్యి మాత్రం చీర మీదనుంచి తియ్యలేదు. నాకు జాలేసింది. జాలి ఒక్కటే అంటే అబద్ధం. ఫోను చూపించుకోవాలన్న సరదా కూడా ఉంది.

"తెంపొద్దులేమ్మా. ఫోటో తీసుకుంటాను, రంగు ఉన్నదున్నట్టు పడుతుంది," అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

బస్సెక్కాక ఫోను తీసి ఆ ఫోటో చూశాను. కిటికీ ఎండలో తెర మీద ఏమీ కనబడలేదు. అరచెయ్యి అడ్డం పెడితే కనబడింది, కానీ ఎర్రగా లేదు, వంకాయ రంగు కొట్టింది. ఫోను కొంచెం వంచితే ఎరుపు వచ్చింది. ఇంకొంచెం వంచితే ఇటుక రంగు. ఏది నిజం? పొద్దున చూసిన చీరను గుర్తు తెచ్చుకోబోతే, అదీ ఫోటోలాగే మారిపోతోంది. రేణిగుంటలో బస్సు చాలాసేపు ఆగింది. దిగి వెనక్కి పోతే గంటలో పోగు చేతికొస్తుంది. కానీ ఏ ముఖం పెట్టుకుని అడగాలి? దిగలేదు. పుత్తూరు చేరేదాకా ఫోను అటూ ఇటూ వంచి చూస్తూనే ఉన్నాను.

"పోగు యాడరా?" అన్నాడు నాయన.

"ఇందులో ఉండాది నాయనా."

ఆయన పోగు కోసం మళ్ళీ అడగలేదు. అన్ని వేల రంగుల మిషను ముందు తానెంత అనుకున్నాడేమో. మరునాడు అంగడికి పోకుండా గంగాళం దగ్గర నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. తెర వెలుగు కాసేపటికే ఆరిపోయేది. "నొక్కు, నొక్కు," అనేవాడాయన. ఆయన చేతులు రంగులో ఉన్నాయి, ముట్టుకోలేడు. నాలుగు పోగులు ముంచి, పిండి, ఆరబెట్టి తెర పక్కన పెట్టాడు. సరిపోలేదు. మళ్ళీ రంగు కలిపాడు. మళ్ళీ సరిపోలేదు. బ్యాటరీ ఒక్క గీతకు దిగింది. ఐదోసారి ఆయన పోగులు పెట్టినప్పుడు, ఫోను రవ్వంత వంచాను. రెండూ ఒకటే రంగయ్యాయి.

"సరిపోయింది నాయనా," అన్నాను.

ఆయన తృప్తిగా తలూపి నూలంతా ముంచేశాడు.

చీర నేత పూర్తయి వచ్చేసరికి పెళ్ళి ఆరు రోజుల్లోకి వచ్చింది. నాయన కూడా నాతో తిరుపతికి వచ్చాడు. ఆవిడ కొత్త చీరను పాత చీర పక్కన పరిచింది. కొత్తదాంట్లో వంకాయ ఛాయ స్పష్టంగా తెలుస్తోంది. మళ్ళీ నేయించడానికి రోజుల్లేవు. ఆవిడ కేకలేయలేదు. వాళ్ళమ్మ చీరను మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెళ్ళికూతురు చూసి లోపలికి పోయింది.

నేను నోరు తెరవాల్సిన సమయం అదే. ఫోను జేబులోకి తోసుకున్నాను.

"ఫోన్లో సరిగ్గానే ఉండాదమ్మా. తప్పు నాదే, నాకు కండ్లు మందగించినట్టుండాయి," అన్నాడు నాయన.

నన్ను కాపాడటానికి అన్నాడనుకున్నాను. తిరుగు దారిపొడవునా ఆయన బస్సు కిటికీలోంచి కనబడ్డ చీరల రంగులు ఒక్కొక్కటే మెల్లగా చెప్పి, "అవునా?" అని అడుగుతుంటే తెలిసింది, నిజంగానే నమ్మాడని.

కంటి డాక్టరు ఏమీ లేదన్నాడు. నాయన వినలేదు. నేసేవాళ్ళకు తనే చెప్పుకున్నాడు, నా కండ్లు నమ్ముకోబాకండప్పా అని. పట్టు పని ఒక్కొక్కరే వేరేచోటికి మార్చుకున్నారు. మిగిలిన కాస్త పనికీ నన్ను ఉద్యోగం మాని రమ్మన్నాడు. ప్రతి నూలు కట్టా పైకెత్తి, "నువ్వు సూసి చెప్పు," అనేవాడు. చూసేవాణ్ణి. ఒక్కటీ తప్పు ఉండేది కాదు.

ఏడాది పట్టింది నాకు ధైర్యం రావడానికి. ఒకరోజు గంగాళం దగ్గరే కూర్చుని, బస్సులో చూసిందీ, ఫోను వంచిందీ, అంతా చెప్పేశాను. ఏడుపొచ్చింది.

ఆయన తడి చెయ్యి పంచెకు తుడుచుకుని నా భుజం మీద వేశాడు.

"ముసలోడి మనసు కష్టపడతాదని ఇట్ల చెప్తా ఉండావు. నాకు తెల్దా?" అన్నాడు. తర్వాత కట్ట నా ముందుకు జరిపాడు. "ఇది సూడు. సరిగ్గా వచ్చినాదా?"