పడటం నేర్పిన హనాలే అంకుల్

మావీ దీవిలో, సముద్రపు అలల మీద ఫాయిల్ బోర్డు ఎక్కి నిలబడటం నేర్పేవాళ్ళు చాలామంది. పడటం నేర్పేది మాత్రం హనాలే అంకుల్ ఒక్కడే. పైగా ఎవరు పడ్డా మార్కులు వేసేవాడు. కొట్లో ఒకావిడ తడినేల మీద జారితే, లేపడానికి చెయ్యందిస్తూనే "పదికి నాలుగు" అన్నాడు. చర్చిలో పాస్టర్ మెట్టు తప్పినప్పుడు ఏడు వేశాడు. పాస్టర్ ఆ సంగతి వారంపాటు అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

నర్సు నోహేయా అలల మీదే పెరిగిన మనిషి. రెండు రోజుల్లో ఎగిరేస్తాననుకుని అంకుల్ దగ్గర చేరింది. ఫాయిల్ అంటే బోర్డు అడుగున పొడవాటి కాడ, దాని చివర కత్తిలాంటి రెక్క. వేగం అందుకుంటే బోర్డు నీటిని వదిలి పైకి లేస్తుంది. పడేటప్పుడు ఆ రెక్కకి దూరంగా పడకపోతే ఒళ్ళు చీరుకుపోతుంది.

అందుకని అంకుల్ పది రోజులు ఆమెను మామూలు బోర్డు మీంచే పడమన్నాడు. బోర్డుకి దూరంగా పడాలి, తలకి చేతులడ్డం పెట్టుకోవాలి, నీళ్ళలో మూడు లెక్కపెట్టాకే పైకి రావాలి. నోహేయా రెండుకే తేలేది. ఆమెతోపాటు ఇంకో అయిదుగురు హెల్మెట్లు పెట్టుకుని కొబ్బరికాయల్లా రాలుతుండేవారు.

"అంకుల్, నేను లేవడానికొచ్చాను."

"లేవడం సంగతి బోర్డు చూసుకుంటుందమ్మాయ్. పడటమే మన పని. ఆరు."

పదకొండో రోజు తొమ్మిది పడింది. ఆయన మారుమాట్లాడకుండా ఫాయిల్ బోర్డు చేతికిచ్చాడు. మూడో అలకి నోహేయా గాల్లోకి లేచింది. ఆ సంబరంలో వెనక్కి వాలింది. రెక్క నీళ్ళలోంచి బయటపడి బోర్డు తిరగబడింది. ఆమె ఒళ్ళు తనంతట తానే దూరంగా పడింది, చేతులు తలమీదికెళ్ళాయి. ఒకటి. రెండు. సరిగ్గా అప్పుడే వేళ్ళ పక్కనుంచి హెల్మెట్‌ని ఏదో బర్రున గీరుకుంటూ పోయింది. మూడు.

పైకి వచ్చేసరికి అంకుల్ తన బోర్డు మీద పక్కనే ఉన్నాడు, మొహం పాలిపోయి. హెల్మెట్ మీది గీతని వేలితో తడిమి, "పది," అన్నాడు.

ఒడ్డున అన్నం తింటూ, ఆమెతో కలిసి పడిన కవికా అసలు సంగతి బయటపెట్టాడు. ఆ అయిదుగురూ రెండేళ్ళుగా ఫాయిల్ మీద ఎగురుతున్నవాళ్ళేనట.

"మరి నాతో ఎందుకు పడ్డారు?"

"ఒక్కరే పడుతుంటే సిగ్గేస్తుంది. సిగ్గేస్తే తొందరపడి లేస్తారు, దెబ్బ తింటారు. అంకుల్ మా ఇళ్ళకొచ్చి మరీ బతిమాలాడు. నీకు చెప్పొద్దన్నాడు."

నోహేయా ఇంకో ముద్ద పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం కొత్తగా ఒక బడి పంతులమ్మ వచ్చి, బోర్డు పట్టుకుని బిగుసుకుపోయింది. అంకుల్ అందర్నీ పిలిచాడు. మళ్ళీనా అని అందరికంటే ఎక్కువ సణిగింది నోహేయానే. అందరికంటే ముందు పడిందీ ఆమే, కాళ్ళూ చేతులూ నాలుగు దిక్కులకీ విసిరేసి, కావాలని.

"ఒకటి," అన్నాడు అంకుల్, మొహంలో ఏ మార్పూ లేకుండా.

పంతులమ్మ పకపకా నవ్వి, ఆ నవ్వుతోనే నీళ్ళలో పడింది.