రెండు లీటర్లతో రైలు గేటు దాకా

మొన్న మా కారును సర్వీసుకిచ్చాను. మెడలో ఐడీ కార్డు పట్టీ, ఒంటి మీద నలగని చొక్కా ఉన్న పెద్దమనిషొకడు వచ్చి, బానెట్ కూడా ఎత్తకుండా, చేతిలోని ట్యాబును వేలితో నాలుగుసార్లు గీకి, పెట్రోలు పంపు సెట్టు మొత్తం మార్చాలని తీర్పు చెప్పేశాడు. దానికేమైంది నాయనా అంటే, సిస్టం అలా చూపిస్తోందట. అసలు ట్యాంకు ఎక్కడుంటుందో తెలుసా అని అడిగితే, వెనకాల ఎక్కడో ఉంటుంది సార్ అన్నాడు. ఆ 'ఎక్కడో'ను నమ్మి బండి అప్పగించి, కాఫీ పేరుతో వాళ్లిచ్చిన గోరువెచ్చని నీళ్లు తాగుతూ సోఫాలో కూర్చుంటే, చాలా ఏళ్ల కిందటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది.

మా తరంవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. సందుకొక కంప్యూటర్ కోచింగ్ వెలిసి, అందులో ఆరునెలలు కూర్చుని లేచిన ప్రతివాడూ సాఫ్ట్‌వేర్ అనిపించుకుని, పెళ్లిచూపుల్లో కాళ్లు బారజాపుకుని కూర్చున్న రోజులవి. సికింద్రాబాద్ కార్ఖానా ఏరియాలో మా బాబాయి నడిపే మెకానిక్ షెడ్డుకు ఎదురుగా కూడా అలాంటిదొకటి ఉండేది. మెడలో పట్టీలు వేలాడేసుకున్న అక్కడి మహానుభావులు స్కూటరు స్టార్టు కాకపోతే ఓ పక్కకు వంచి తన్నాలన్న ఇంగితం కూడా లేక, చెమటలు కక్కుతూ మా షెడ్డుకు తోసుకొచ్చేవారు. బాబాయీ నేనూ వాళ్లను చూసి నవ్వేవాళ్లం. పానా పట్టడం రానివాడు మనిషే కాదని మా గట్టి నమ్మకం. ఆ లెక్కన మా అక్క మొగుడు, అంటే మా బావ, మనిషి కాడు. ఆయన ఏదో కంపెనీలో రోజంతా టీవీ లాంటి పెట్టె ముందు కూర్చుని షెడ్డులో మా అందరి సంపాదన ఒక్కడే తెచ్చేవాడు, అదొక కడుపుమంట.

బావ వాళ్లది మౌలాలి. వాళ్ల నాన్న, నేను మామ అని పిలిచే ఆయన, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన ఎడమకాలు వంగడం మానేసింది. చిన్న కార్లలో ఆ కాలు పట్టదు, ఆటో ఎక్కలేరు. ఆయన పాత అంబాసిడర్ ముందు సీటు మాత్రం మంచమంత వెడల్పుగా, ఎత్తుగా ఉండేది కాబట్టి, పక్కవాటుగా కూర్చుని మెల్లగా తిరిగితే కాలు లోపలికి వచ్చేసేది. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు నడపగా అందులో సికింద్రాబాద్ స్టేషనుకు వెళ్లి, తన ఈడు రిటైర్డు గార్డులూ డ్రైవర్లూ కూర్చునే బెంచీ మీద గంటసేపు కూర్చుని రావడం తప్ప ఆయనకు మిగిలిన సంతోషమేదీ లేదు. అలాంటి బండికి ఇంజను చచ్చిపోయింది. బావ దాన్ని తుక్కుకు అమ్మి చిన్న కారు కొంటానన్నాడు. మామ ఇక గడప దాటరని అక్క కళ్లనీళ్లు పెట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

యాక్సిడెంటయిన ఒక కొత్తరకం కారు ఇంజను తెచ్చి దానికి ఎక్కిస్తానని మాటిచ్చాను. కార్బురేటర్ ఉన్న పాత ఇంజను ఇచ్చినంత పెట్రోలు నెమ్మదిగా తాగే సాధుజీవి. ఈ కొత్తది అలా కాదు, దానికి పెట్రోలు గట్టి వత్తిడితో, ఒక్క క్షణం ఆగకుండా అందుతూ ఉండాలి. అందుకని కరెంటు పంపు పెట్టాను, ఇనుప పైపు కొత్తది పరిచాను, మిగిలిన పెట్రోలు వెనక్కి పోవడానికి ఇంకో పైపు వేశాను. పాత ట్యాంకును మాత్రం కడిగి అలాగే బిగించాను. బాబాయి పైపు ఒక కొసకు నోరుపెట్టి ఊది, రెండో కొస దగ్గర చెయ్యి పెట్టి చూసి, "గాలి పోతుందంటే పెట్రోల్ సుత పోతది, ఇంక పరేషాన్ గాకు" అన్నాడు. మా షెడ్డులో అంతకు మించిన పరీక్ష లేదు.

ఆ ఆదివారం బావ ఇంటర్నెట్‌లోంచి తీసిన కాగితాల కట్టతో దిగాడు. ఆ వాలకం చూస్తేనే నాకు నవ్వాగలేదు.

"ట్యాంక్ లోపట చిన్న అడ్డగోడలు పెట్టాలంట బామ్మర్దీ. లేకపోతే టర్నింగ్‌ల పెట్రోల్ ఒక దిక్కుకు జారి పంప్ గాలి గుంజుతదంట. గోడలు పెట్టేదాంక సగం ట్యాంక్ కన్న తక్కువ ఉంచొద్దని రాసిండ్రు" అన్నాడు పాపం, పాఠం అప్పజెప్పినట్టు.

"ట్యాంక్‌ల గోడలు కడ్తరా బావా? సున్నం సుత ఏపియ్యాల్నా?" అన్నాను. షెడ్డంతా ఘొల్లుమంది. బాబాయి ఆ కాగితాల్లోంచి రెండు లాగి చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. బావ మిగిలినవి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మన ఊళ్లో ట్యాంకు నింపుకునేవాడెవడు చెప్పండి. అందరి పెట్రోలు మీటరు ముల్లూ ఎప్పుడూ అడుగునే. షెడ్డుకొచ్చిన బండిలో రెండు లీటర్లకు మించి ఉండనివ్వకపోవడం మాకు ఆచారం కూడాను. కార్బురేటర్‌లో ఉండే చిన్న గిన్నె ఎప్పుడూ ఒక గుక్క దాచుకునేది కాబట్టి, ట్యాంకులో పెట్రోలు ఎటు దొర్లినా పాత ఇంజనుకు తెలిసేదే కాదు. కొత్తదానికి ఆ గిన్నె లేదు. అది నాకు తెలియని విషయమేమీ కాదు, ఒక్క నిమిషం ఆలోచిస్తే తట్టేదే. కానీ బావ చెప్పాడు కనుక ఆలోచించలేదు. పైగా ఆయన చూస్తుండగా సీసాతో కొలిచి సరిగ్గా రెండు లీటర్లు పోశాను.

మర్నాటి సాయంత్రం మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, వారాల తరవాత ముందు సీట్లో కూర్చున్నారు. నేను నడిపాను. ఇంజను చప్పుడు విని, మంచిగ జేసినవ్ అల్లుడా అని నా భుజం తట్టారు. దారిలో రైలు గేటు ఉంది. రోడ్డు ఎడమకు గిరుక్కున తిరిగి పట్టాల మీదికి ఎక్కుతుంది. నేను హుషారుగా తిప్పాను. పట్టాల నడిమధ్యకు రాగానే ఇంజను ఊపిరి పోయినట్టు ఆగిపోయింది. తాళం తిప్పాను, మళ్లీ తిప్పాను. గాలి మింగిన పంపు కీచుమంటుందే తప్ప పెట్రోలు పట్టదు. రైలు వచ్చే వేళయింది. గేటు మూస్తే గాని సిగ్నల్ పడదు, మేముండగా గేటు మూయలేరు. దూరంగా రైలు ఆగి కూత వేయడం మొదలుపెట్టింది. మామ దిగలేరు. గేట్‌మ్యాన్ మామను గుర్తుపట్టి నమస్కారం పెట్టి, ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట పరిగెత్తాడు. ఆయన్ను అలాగే కూర్చోబెట్టి పదిమంది బండిని అవతలికి తోశారు. ఆ పదిమందిలో మెడలో పట్టీలున్నవాళ్లు ముగ్గురు.

గేటు పడి, రైలు వెళ్లిపోయేదాకా మామ తల తిప్పలేదు. అప్పుడు మెల్లగా అన్నారు. "ముప్పయ్యేండ్లు బండి నా వల్ల ఒక్కనిమిషం లేట్ గాలే అల్లుడా. ఇయ్యాల నేను అడ్డం గూసున్నందుకు ఆపిండ్రు. ఇంటికి తీస్కపో."

అక్కను బతిమాలి బావ దాచుకున్న కాగితాలు తెప్పించుకున్నాను. అందులో ఉన్నట్టే ట్యాంకు కోయించి, లోపల గోడలు పెట్టించాను. ఆ తరవాత ఆ బండి ఏ మలుపులోనూ ఆగలేదు. బావ నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే నేనూ నాలుగు అనేసి బయటపడేవాణ్ణి. అక్క పిల్లల్ని అందులో బడికి పంపింది. బాబాయి కూడా కాలు మీద కాలేసుకుని ఎక్కి తిరిగాడు. మామ మాత్రం మళ్లీ ఎక్కలేదు. స్టేషను బెంచీవాళ్లు ఒకటి రెండుసార్లు ఇంటికొచ్చి పలకరించి, రాను రాను మానుకున్నారు.

ఇప్పుడు ఆ గేటు లేదు, రోడ్డు పట్టాల కిందనుంచి పోతుంది. మా షెడ్డూ లేదు. చదివి చేసేవాళ్లొచ్చారు, చేసి చూసుకునే మాలాంటివాళ్లం పోయాం. పోతే పోయాం గాని, తెలిసినవాడి మాటను నవ్వి తోసెయ్యడం కూడా పనితనంలో భాగమేనని మేం నమ్మిన ఆ రోజులంటే ఇప్పుడు నాకు అసహ్యం. రోజుకొక్క గంట ఆ బెంచీ మీద. మామ అడిగింది అంతే, అదీ నోరుతెరిచి అడగలేదు.