జగదాంబ గారి ప్రస్థానం

మా పక్కింటి జగదాంబ గారు యాభై రెండేళ్ళు వచ్చేదాకా పని లేకుండా ఊరు దాటి ఎరగరు. కాకినాడ వెళ్ళారంటే కూతురి పురిటికి, తణుకు వెళ్ళారంటే సంబంధం చూడ్డానికి, కాశీ వెళ్ళారంటే మామగారి అస్థికలు కలపడానికి. కాశీలో ఏం చూశారండీ అని ఒకసారి అడిగితే, పదిమందికి వండిపెట్టిన సత్రం వంటిల్లు బాగా గుర్తుందన్నారు. ఆవిడ నవ్వుతూనే అన్నారు గాని నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కొంచెం కోపం ఎక్కువే. ఆరో తరగతి పిల్లలకు పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పినవాళ్ళెవరికైనా ఆ మాత్రం ఉంటుంది.

వాళ్ళది రాజమండ్రిలో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. ఎనభై మూడులో ఊళ్ళో వర్తకులంతా కలిసి సింగపూరు యాత్ర వేసుకున్నారు. మద్రాసు నుంచి విమానం, వారం రోజులు, భార్యల్ని కూడా తీసుకురావచ్చు. ఆవిడ భర్త వెంకటరత్నం గారు ఆ కాగితం ఇంటికి తెచ్చి, చదివి, పక్కన పడేశారు. జగదాంబ గారు దాన్ని తీసి ఆయన భోజనానికి కూర్చునే చోట ఎదురుగా గోడకు అంటించారు. నాలుగు రోజులు దాన్ని చూస్తూ అన్నం తిన్న ఆయన అయిదో రోజు ఇద్దరి పేర్లూ ఇచ్చి వచ్చారు.

ఆ రోజు నుంచి ఆవిడ ఒకటే మాట. ఇన్నాళ్ళు చేసిన ప్రయాణాలన్నీ ఉరుకులూ పరుగులే, ఈ ఒక్కదానికీ కంగారనేది ఉండకూడదు. పాత క్యాలెండరు వెనక పెద్ద జాబితా రాశారు. సున్నుండలు, కందిపొడి, నూనె కారని డబ్బాలో ఆవకాయ. విమానంలో ఇంత బరువే తేవాలన్నారని సూట్‌కేసును కొట్టుకు పంపించి, బిందెలు తూచే కాటా మీద తూయించారు. రెండు కేజీలు ఎక్కువ వస్తే ఆవకాయ ఉంచి ఆయన చొక్కాలు తీసేశారు. కాళ్ళు నొప్పెట్టకుండా ఉండాలని కొత్త బూట్లు తొడుక్కుని రోజూ డాబా మీద నడిచేవారు. పట్టుచీర కింద ఆ తెల్ల బూట్లు చూసి వీధిలో అందరూ నవ్వుకుంటే, నవ్వనివ్వమ్మా, బొబ్బలు కట్టేది నా కాళ్ళే కదా అనేవారు.

అంతా బాగానే ఉంది గాని, పాస్‌పోర్టు కోసం విచారణకొచ్చిన పోలీసాయన దగ్గర మాత్రం ఆవిడ ముఖం చిన్నబోయింది. ఏ పని మీద వెళ్తున్నారని ఆయన అడిగాడు. ఆవిడ భర్త వైపు చూశారు. వెంకటరత్నం గారు గబుక్కున, వ్యాపారం మీదండి, ఆవిడ నాకు తోడు అనేశారు. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, పని లేకుండా వెళ్ళడం తప్పంటావా రత్నం అని నన్నడిగారు. తప్పు కాదండీ అన్నాను. నా మాట ఆవిడకు ఆనినట్టు లేదు.

ఇక ప్రయాణం రోజు. మంగళవారం సాయంత్రం అయిదింటికి మద్రాసు రైలు. బుధవారం పొద్దున మద్రాసులో అందరి పాస్‌పోర్టులూ చూపించాలి, సాయంత్రం విమానం. మంగళవారం బయల్దేరడమా అని సిద్ధాంతి గారు తల అడ్డంగా ఊపి, ఆదివారం ఉదయమే ప్రస్థానం పెట్టమన్నారు. అంటే ప్రయాణానికి కావలసిన వస్తువు ఒకటి మంచి వేళలో గడప దాటించి వేరే ఇంట్లో ఉంచాలి. అది కదిలితే ప్రయాణం మొదలైనట్టే. మనుషులు తరవాత ఎప్పుడు బయల్దేరినా దోషం ఉండదు. ఒకసారి పెట్టాక దాన్ని మళ్ళీ ఇంట్లోకి తేకూడదు, వెళ్ళేటప్పుడు దారిలో తీసుకోవాలి.

మామూలుగా చీరో, చెంబో పెడతారు. కాని సిద్ధాంతి గారు, ఏది లేకపోతే ప్రయాణం సాగదో అది పెట్టండమ్మా అన్నారు. జగదాంబ గారు బాగా ఆలోచించారు. పసుపు గుడ్డలో రెండు పాస్‌పోర్టులూ మూటకట్టి తెచ్చి మా దేవుడి గూట్లో పెట్టారు.

సోమవారం మా తమ్ముడు అన్నవరంలో వ్రతం చేయించుకుంటున్నాడు. మా ఆయన ఉద్యోగం పోలవరంలో, శనివారం గాని ఇంటికి రారు. మంగళవారం పదింటికల్లా వచ్చేస్తానని జగదాంబ గారికి చెప్పి తాళం వేశాను. నాలుగడుగులు వేశాక మనసు పీకింది. ప్రస్థానం మూటను దీపం పెట్టే దిక్కు లేని ఇంట్లో వదిలేస్తామా? పైగా దొంగల భయం. వెనక్కి వెళ్ళి మూట తీసి నా సంచిలో వేసుకున్నాను. ఆ సంగతి ఆవిడతో చెప్పాలన్న ఆలోచన మాత్రం రాలేదు. తెలివితేటలు నాకు ఎప్పుడూ సగమే వస్తాయి.

వ్రతం బాగా జరిగింది. సింగపూరు పాస్‌పోర్టులు సత్యనారాయణ స్వామి పాదాల దగ్గర పెట్టించి మరీ తీసుకున్నాను. మంగళవారం పొద్దున్నే ఎక్కిన బస్సు జగ్గంపేట దగ్గర ఆగిపోయింది. మామూలు ఆగడం కాదు, కింద ఏదో విరిగింది. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో వెనక వచ్చిన బస్సులేవీ చెయ్యెత్తినా ఆగలేదు. చూస్తుండగానే ఒంటిగంటయింది. ఫోను చేద్దామంటే ట్రంకు కాలు దొరికేసరికి రైలే వెళ్ళిపోతుంది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడే సామర్లకోట బస్సొకటి ఖాళీగా వచ్చి ఆగింది. మద్రాసు రైలు రాజమండ్రికి రాకముందు సామర్లకోటలో ఆగుతుందని గుర్తొచ్చి ఎక్కేశాను.

ఈలోగా రాజమండ్రిలో జరిగింది తరవాత వాళ్ళ కోడలు కన్యక చెప్పింది. మూడు దాటినా నేను రాకపోయేసరికి వెంకటరత్నం గారు మనిషిని పిలిపించి మా తాళం పగలగొట్టించారు. మంచి తాళం అది. లోపల చూస్తే గూట్లో మూట లేదు. వాళ్ళు వచ్చేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉండడానికొచ్చిన ఆయన అక్కగారు పాపాయమ్మ గారు వెంటనే అందుకున్నారు. పని లేని ప్రయాణం కాబట్టే అడ్డొచ్చిందట, దేవుడే వద్దంటున్నాడట. వెంకటరత్నం గారు మా గుమ్మంలో దించిన సూట్‌కేసు మీద కూలబడి, మానేద్దామా జగదాంబా అన్నారట.

ఆవిడ గూట్లో చెయ్యి పెట్టి మరొక్కసారి తడిమి చూశారట. తరవాత బూట్లు తొడుక్కుంటూ అన్నారట: “మూట ఇక్కడ లేదంటే రత్నం పట్టుకెళ్ళిందన్నమాటే. రైలు టైము తనకి తెలుసండి. ఆలస్యమైతే నేరుగా స్టేషనుకే వస్తుంది. ఇన్నాళ్ళూ పని ఉందంటే వెళ్ళాను. ఈ ఒక్కసారీ పని లేకుండా వెళ్ళనివ్వండి.”

వెంకటరత్నం గారు లేచి రిక్షా పిలిచారు.

సామర్లకోటలో రైలెక్కాక నేను కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద మొట్టమొదట నాకు కనబడ్డవి తెల్ల బూట్లు. మూట పైకెత్తి ఊపాను. వెంకటరత్నం గారు స్తంభానికి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నారు. జగదాంబ గారు మాత్రం నన్ను పైకీ కిందకీ చూసి, అన్నం తిన్నావా అని అడిగారు. లేదంటే ఆ హడావిడిలోనే డబ్బా తెరిచి రెండు సున్నుండలు నా చేతిలో పెట్టారు. పాస్‌పోర్టులు తమకంటే ముందే రైలెక్కేశాయని తెలిశాక ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. సిద్ధాంతి గారి లెక్క తప్పలేదన్నారు.

ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. నేను ప్లాట్‌ఫారం మీదే కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదురు సీట్లో పెద్దావిడ ఒకరు పలకరించారు. సింగపూరు అనగానే కళ్ళు పెద్దవి చేశారు.

“అక్కడ పిల్లలున్నారా అండి? పురిటికి వెళ్తున్నారా?”

జగదాంబ గారు పసుపు గుడ్డను ఒళ్ళో సర్దుకున్నారు.

“ఎవరూ లేరండి. పనేమీ లేదు. ఊరికే చూసొద్దామని.”

ఆ పెద్దావిడకు అర్థం కాలేదో, నమ్మలేదో, వెంకటరత్నం గారి వైపు తిరిగారు. “మీరు వ్యాపారం పని మీదేనాండి?”

ఆయన భార్య ముఖం చూశారు. కిందకి వంగి, ఊడిపోయిన ఆవిడ బూటు లేసును మెల్లగా కట్టారు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర వంగడం నేనెప్పుడూ వినలేదు, చూడలేదు.

“లేదండి,” అన్నారు లేచి కూర్చుంటూ. “నేనూ ఊరికేనండి.”

రైలు కదిలింది. నేను రెండో సున్నుండ తింటూ తాళం లేని ఇంటికి నడిచాను.