ఊచలున్న ఎగిరే బల్లి

చేతికి కుంచె, మెడకు గుర్తింపు కార్డు ఒకేసారి దొరికిన ఆ రోజుల్లో, నేను వేయలేని బొమ్మ ఒకటి ఉంటుందన్న అనుమానమే నాకుండేది కాదు. జనగామలో గొడుగులు బాగుచేసే అబ్బాకు నడిమి కూతురిని. మొగుళ్లపల్లి దగ్గర ఒక బడిలో ఒక్క ఏడాదికని డ్రాయింగ్ టీచరుగా కుదిరాను. ఏడాది ముగియవస్తుండగా పెద్ద మేడం పిలిచి, "సైన్స్ పండుగకు గోడ మీద బొమ్మ మంచిగ రావాలె. వస్తే వచ్చే ఏడు సుత నువ్వే ఉండేటట్టు నేను మాట్లాడ్త" అన్నది. (రాకపోతే ఏమిటో ఆవిడ చెప్పలేదు. నాకు తెలుసు, మళ్లీ ఇంట్లో కూర్చుని నల్లగుడ్డకు అంచులు కుట్టడమే. ఆ ఉద్యోగం పోతుందంటే నాకు అన్నం సహించేది కాదు.)

ఏ బొమ్మో నిర్ణయించింది సైన్సు సారు. జేబుల నిండా గులకరాళ్లు మోస్తాడని పిల్లలు ఆయన్ను రాళ్ల సారు అనేవారు. మనుషులింకా పుట్టని కాలంలో, డైనోసార్లు తిరిగే రోజుల్లో ఎగిరిన బల్లిజాతి జీవిని వేయమన్నాడు. చేతికిచ్చింది మాత్రం ఉత్త ఎముకల చిత్రం. "తోలు, రంగు నువ్వే ఎక్కియ్యాలె" అన్నాడు. పుల్లల మీద తోలు ఎక్కించడమే కదా! నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో గొడుగు ఊచల మీద గుడ్డతో జరిగేది అదే. ఆ చిత్రాన్ని ఒక్కసారి చూసి సంచిలో పడేసి, మహా ధీమాగా నిచ్చెనెక్కాను.

బొమ్మ పూర్తయ్యేసరికి రెక్కల నిండా వరసగా ఊచలు, ప్రతి ఊచ కొసకూ చిన్న మొన, మీద నిగనిగలాడే నల్లరంగు. తోక చివర కూడా పిడిలా వంకర తిరిగింది. ఇవేవీ నాకు కనిపించలేదు (మన కూర వాసన మనకు తెలియదు కదా). కింద నిలబడ్డ ఏడో తరగతి పిల్ల మాత్రం అడిగేసింది: "టీచర్, వాన బందైతే గిది ముడుస్తదా?"

రాళ్ల సారు వేలితో ఊచలు లెక్కపెట్టాడు. "రెక్కను పట్టుకునేది ఒక్కటే పొడుగు వేలు గదమ్మా. గిన్ని పుల్లలు ఏడికెళ్లి వచ్చినయి?"

పండుగ ఎల్లుండి. ఏడుపు గొంతుతో అబ్బాకు ఫోన్ చేశాను. తెల్లారి మొదటి బస్సుకే దిగాడు. గోడను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "మాషా అల్లా! మన దుకాణమే!" అన్నాడు. ఆ తర్వాత సారుతో వాదానికి దిగాడు.

"ఊచలు లేకుంటే గుడ్డ ఎట్ల నిలుస్తది సార్? జర గాలికే తిరగబడ్తది."

"తిరగబడలే చాచా. కోట్ల ఏండ్లు ఎగిరినయి."

"అయితే వానల బయటికి పోయి ఉండయి" అని తీర్పిచ్చి, నిచ్చెన తానే పట్టుకున్నాడు. నేను ఏడుస్తూ ఊచలన్నీ గీకేశాను. ఈసారి ఎముకల చిత్రాన్ని పక్కనే అంటించుకుని, ఒక్క పొడుగు వేలి మీద రెక్క సాగదీశాను. రంగేమిటని అడిగితే రాళ్ల సారు నవ్వాడు. "ఎవలకెరుక? అది నీ ఇష్టమే." నాకు ప్రాణం లేచొచ్చింది. అబ్బా దుకాణంలో నాకెంతో ఇష్టమైన ఆడవాళ్ల గొడుగు రంగు, నెమలి నీలం, ధారాళంగా పూశాను. ఆ మరుసటి ఏడూ నేనే ఉన్నాను.

ఇప్పుడు పిల్లల సైన్సు పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. మొన్న ఆ బడి వాళ్లు మళ్లీ పిలిచారు. ఆ జీవుల ఒంటిమీద నూగు ఉండేదని ఇప్పుడు తెలిసింది కనుక, అదీ వేయాలట. అబ్బాను వెంట తీసుకుపోయాను. వానలకు నీలం వెలిసి, సరిగ్గా గీకని నా ఊచలు నల్లగా బయటపడ్డాయి. ఒక్కసారి చూసి అంతా తెలిసిపోయిందనుకున్న అప్పటి నా మీద నవ్వొచ్చింది, ముద్దు కూడా వచ్చింది. అంత ధీమా ఇప్పుడెక్కడిది నాకు?

"ఇగ గిదే పక్కానా బేటీ?" అన్నాడు అబ్బా, నిచ్చెన పట్టుకుంటూ.

"గిప్పటికైతే పక్కా, అబ్బా."

"అట్లయితే రంగు జర పల్చగ పెట్టు. మళ్ల గీకాలె గద."