జత చూసి గీత పెట్టే మామ

మా మేనమామ పోయి పదమూడు రోజులైంది. నేను ఆఫీసులో ఉండగా బేతంచెర్ల నుంచి ఫోనొచ్చింది. ఫ్యాక్టరీలో టీ తాగుతూ కూర్చున్నచోటే ఒరిగిపోయాడట. అత్త పోయాక ఆ ఇంట్లో ఆయనకు తోడు నేనొక్కదాన్నే. ఉద్యోగమొచ్చి నేనూ వెళ్లిపోయాను.

మామ బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రి. రెండు ముక్కలు కలిపితే సరిగ్గా ఆరడుగులు రావాలి, అలాంటి జతలే లారీకెక్కాలి. బండ రాగానే కొలిచి, దానికి జత ఎంతో అనుకుని, గోడమీద వరుసగా రాసుకున్న కొలతల్లో ఆ అంకె కింద సుద్దగీత ఉందేమో చూసేవాడు. ఉంటే గీత చెరిపి రెండూ పంపేవాడు. లేకపోతే వచ్చిన బండ అంకె కింద గీత పెట్టేవాడు. బండల గుట్టంతా వెతికే పనే లేదు.

ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నప్పుడు నాకు కంప్యూటర్లో అచ్చం అదే లెక్క పడింది. అంకెల వరుసలో కలిపితే ఆరయ్యే జతలెన్ని? ప్రతి అంకెనూ మిగతా అన్నిటితో కలిపి చూస్తే టైము చాలలేదు. వచ్చిన అంకెల్ని గుర్తుపెట్టుకునే హాష్ మ్యాప్ ఒకటుంటుంది, మామ గోడనే అలా ప్రోగ్రాంలో రాశాను. వేగమొచ్చింది గానీ, ఒకే ఒక్క మూడు ఇచ్చినా జత ఉందంటోంది. ఏడుపొచ్చింది. అన్నం తింటున్న మామకు చెప్పాను.

"ముందు గీత పెట్టి తర్వాత చూస్తాండావు పాపా. మూడడుగుల బండ దాని గీత అదే చూసుకుని జత దొరికిందనుకుంటాది. ముందు చూడల్ల, లేకుంటేనే గీత పెట్టల్ల. ఒంటిది ఒంటిదే, దానికదే యాడ జత అయితాది?"

రెండు లైన్లు కిందామీదా మార్చాను, అంతే. నేనీరోజు తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే.

ఇంటర్వ్యూలోనూ అదే అడిగారు. గబగబా చేసేశాను. "ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. ఎదురుగా ముగ్గురు, ఇస్త్రీ చొక్కాలు. బండల మేస్త్రి అనడానికి నాకు నోరు రాలేదు. "నెట్‌లో చూశానండీ" అన్నాను.

ఇంటికి రాగానే మామ అడిగాడు. "నేను చెప్పిచ్చినానని చెప్తివా?"

"చెప్పినా మామా. శానా మెచ్చుకున్నారు."

కంచం ముందు కూర్చుని చాలాసేపు ఊరికే నవ్వుకున్నాడు. తర్వాత నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు ఫోన్ చేశానో. "తింటివా పాపా?" అనేవాడు. తిన్నానని చెప్పి పెట్టేసేదాన్ని.

మామ పోయాడని ఫోనొచ్చిన రోజు నేను వెళ్లేసరికి వాకిలి నిండా ఫ్యాక్టరీ కూలీలున్నారు. నన్ను చూసి వాళ్లలో ఓ పెద్దాయన గొంతు పెంచాడు.

"జరగండప్పా, దావ ఇయ్యండి. మన మేస్త్రి పేరు పెద్దాఫీసులో చెప్పొచ్చిన పాప ఈయమ్మే."

అందరూ పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ దారిలో నేనొక్కదాన్నే నడిచి మామ దగ్గరికి వెళ్లాను.