బ్యాటరీ అయిపోతుండగా పెళ్లిచూపులకు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, మా వైపు కరెంటు కార్లు అప్పుడప్పుడే కనబడుతున్న కొత్తలో, ప్రపంచంలోకెల్లా తెలివైనవాణ్ణి నేనేనని గట్టిగా నమ్మేవాణ్ణి. శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం, తిరుపతిలో మేడమీద అద్దె గది. కరెంటు కారైతే కొన్నాను గానీ దానికి కరెంటు పెట్టుకునే చోటే లేదు. (మీటరు వైపు చూస్తేనే ఇంటాయన దగ్గేవాడు.) దారి పొడవునా ఫాస్ట్ చార్జింగులుండగా ఇంట్లో ప్లగ్గెందుకని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఉపన్యాసమిచ్చి, ఫోనులో యాప్ తెరిచి పచ్చ చుక్కలు చూపించేవాణ్ణి. పచ్చ చుక్క ఉన్నచోటల్లా చార్జింగు ఉంటుందనుకోవడం, బోర్డు ఉన్నచోటల్లా డాక్టరు ఉంటాడనుకోవడం లాంటిదని అప్పటికింకా తెలియదు.

ఆ ఎండాకాలంలో ఒక ఆదివారం బంగారుపాళ్యంలో నాకు పెళ్లిచూపులు. నాయన, మేనత్త ముందురోజే వడమాలపేట నుంచి వచ్చి నా గదిలో దిగారు. (మేనత్త అంటే నాయన అక్క. ఆవిడ ఊఁ అనందే మా ఇంట్లో ఆవు కూడా ఈనదు.) సాయంత్రం నాలుగున్నరకు రాహుకాలం, ఆలోపే పిల్లను చూసెయ్యాలని ఆవిడ ఆజ్ఞ. చార్జింగు నింపుకుందామని పొద్దున వెళితే, కొండకొచ్చిన మద్రాసు, బెంగళూరు కార్లు అక్కడ వరుస కట్టి ఉన్నాయి. దొరికినంత పట్టించి, మిగతాది చిత్తూరు బైపాసులో చూసుకుందామని ధీమాగా బయలుదేరాను.

సగం దూరం పోయేసరికి ధీమా తగ్గింది. "నాయనా, కొంచేపు ఏసీ ఆపుతా, బ్యాటరీ తినేస్తా ఉండాది" అన్నాను. నాయన కంటే ముందే వెనక నుంచి మేనత్త అందుకుంది. "పట్టుసీర కట్టుకొని ఉండా రా అబ్బోడా! ఈ ఎండకు అద్దాలు దించితే నన్ను దించాల్సింది పిల్లోళ్లింటి కాడ కాదు, ఆస్పత్రి కాడ." ఏసీ ఆగలేదు. బైపాసులో మొదటి పచ్చ చుక్క దగ్గరికి చేరితే, మిషను మీద ధూళి తప్ప వెలుగు లేదు. రెండో చుక్క ఒక హోటలు ముందు. అక్కడ మిషను పనిచేస్తోంది, కానీ ఒక తెల్లకారు దానికి తగులుకుని ఉంది, మనిషి లేడు. నేను మర్యాదగా ఎదురుచూద్దామనుకునే లోపే మేనత్త హోటల్లోకి నడిచి బల్లల మధ్య నిలబడి, "ఆ తెల్లకారు ఎవురిదప్పా? మావోడి పెండ్లి ఆగిపోతా ఉండాది!" అని కేకేసింది. భోజనం చేస్తున్న ఒకాయన ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని పరుగున వచ్చి, ఎడమచేత్తో కారు పక్కకు తీసుకున్నాడు.

తగిలించాను. ఎక్కడం మొదలైంది, కానీ ఎడ్లబండి నడక. "ఎండకు కాగిపోయుండాది పాపం, గొడుగు పట్టు" అంది మేనత్త. చదువుకున్నవాణ్ణి, చెప్పి ఒప్పించలేక పట్టాను. అప్పుడే పిల్ల తండ్రి ఫోను. "దోవలోనే ఉండాం అన్నా, బండి మెరుపు మాదిరి పోతా ఉండాది" అన్నాడు నాయన. సరిగ్గా ఆ క్షణాన హోటలు గుమ్మంలోంచి సర్వరు, "చార్జింగు కారోళ్లూ! మీ కాఫీలు ఆరిపోతా ఉండాయి!" అని అరిచాడు. అవతల పిల్ల తండ్రికి అది వినబడింది. తర్వాత నవ్వు. "బైపాసు హోటల్లో ఉండారా? ఈడికి రాలేరుగానీ, ఆడ్నే ఉండండి. రాహుకాలం రాకముందే మేమే వస్తాం."

మామిడికాయల గంపలు తోలే వ్యానులో వచ్చారు పిల్లా, తల్లీ, తండ్రీ. నేను పట్టుచొక్కాలో చెమటతో తడిసి, మిషనుకు గొడుగు పట్టుకుని ఉన్నాను. దించేస్తే పోయేది, చెయ్యి రాలేదు. పెద్దలు లోపలికి వెళ్లాక ఆ అమ్మాయి దగ్గరికొచ్చి, "మీరు ఎండలో నిలబడి దానికి గొడుగు పడతా ఉండారేంది?" అంది. "మా మేనత్త పట్టమనింది" అన్నాను. ఇంట్లో అయితే తలుపు చాటున నలుగురి చెవుల మధ్య అయిదు నిమిషాలు దొరికేవేమో. ఇక్కడ బ్యాటరీ నిండేదాకా మాదే లోకం. ఆమె మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తీపి, పులుపు పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుందట. నేను కిలోవాట్ల గురించి దంచాను. అంతా ఓపిగ్గా విని, "ఇంట్లోనే ఒక ప్లగ్గు పెట్టుకోకూడదా?" అంది. నా ఉపన్యాసం మొత్తానికి అంత చిన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఆమె నవ్వింది.

సంబంధం పోయిందనే అనుకుంటూ తిరిగొచ్చాం. కానీ వారం తిరక్కుండా ఆమె తండ్రి ఫోను చేసి నాయనతో అన్నాడట: "ఇంట్లో సూసుంటే అందురూ బుద్దిమంతులే అన్నా. మేము రోడ్డు మీద సూసినాం. పిల్లోడు ఎవురినీ కసరలా, మీ అక్క సెప్పిన మాట కాదనలా. మాకది సాలు. మా పాప కూడా సరే అనింది."

ఇప్పుడు మాకు సొంత ఇల్లుంది, గోడకు ప్లగ్గుంది. (ఎక్కడ పెట్టాలో ఆమే చూపించింది.) బైపాసులో ఇప్పుడు చార్జింగులకు కొదవ లేదు. అయినా అటు పోయినప్పుడల్లా, ఫోను పైకెత్తి మిషను చుట్టూ ప్రదక్షిణం చేసే కుర్రాడెవరో కనబడతాడు. ఆగి, "కంగారు పడొద్దు తమ్ముడూ, కాఫీ తాగు" అందామనిపిస్తుంది. అనను. ఆ వయసులో నాకెవరైనా ఆ మాట చెప్పుంటే, వాళ్లను కూర్చోబెట్టి కిలోవాట్ల గురించి చెప్పుండేవాణ్ణి.