నీ ఫోనులో కాస్త చోటుందా?

మా పెదనాన్న ఆదినారాయణ గారు ప్రయాణానికి బయల్దేరితే చేతిలో గొడుగు తప్ప ఏమీ ఉండదు. ఎంత నిరాడంబరుడో అనుకుంటారు చూసినవాళ్ళు. ఆయన పంచెలు ఆయన భార్య, మా దొడ్డమ్మ సంచిలో, మరచెంబు నా సంచిలో, దుప్పటి పక్క సీటువాళ్ళ సంచిలో ఉంటాయని వాళ్ళకి తెలీదు. బస్సు కదిలిన కాసేపటికి లేచి, "అమ్మా, నీ సంచిలో కాస్త చోటుందా?" అని ఎంతో మర్యాదగా అడుగుతారు. లేదన్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

బరంపురంలో ఒక సర్కారు ఆఫీసులో పెద్ద గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఏదైనా మూడు చోట్ల ఉంటేనే ఉన్నట్టు అని ఆయన సిద్ధాంతం. మా ఇంటి కరెంటు బిల్లు బీరువాలో ఒకటి, ట్రంకుపెట్టెలో ఒకటి, దేవుడి మందిరం కింద ఒకటి ఉంటుంది. కరెంటు పోయినా బిల్లు పోదు.

తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయాక నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. కిందటి మాఘంలో ప్రయాగ, కాశీ, గయ బస్సు యాత్రకి నన్నూ తీసుకెళ్ళారు. దేవుణ్ణి చూపించడానికని అందరికీ చెప్పారు. రెండు భుజాలకీ సంచులు తగిలించాక నాకు సంగతి అర్థమైంది.

బయల్దేరే ముందు వాళ్ళ కొడుకు అనుదీప్ తన లాప్‌టాప్ తీసుకెళ్ళమన్నాడు. ఫొటోలు ఎప్పటికప్పుడు అందులో దాచుకోవచ్చట.

"ఎవరు మోస్తార్రా?" అన్నారు పెదనాన్న. ఆ ప్రశ్న ఆయన నోట రావడం అదే మొదలు.

"పోనీ నెట్‌లో పెట్టుకోండి నాన్నా. బరువుండదు."

"ఊరూ పేరూ లేని చోట నా ఫొటోలు పెట్టనా? ఏటనుకున్నావు నన్ను?"

పెదనాన్నకీ మంచి ఫోనే ఉంది. ఫొటోలతో నింపితే పాడైపోతుందని దాన్ని శుభ్రంగా, ఖాళీగా ఉంచుకుంటారు. అంచేత ఆయన ఫొటోలన్నీ దొడ్డమ్మ ఫోనులోనే తీయాలి. గుడి ముందు పెదనాన్న, గుడి పక్కన పెదనాన్న, గుడి అసలు కనబడకుండా పెదనాన్న. అన్నింట్లోనూ గొడుగు.

ప్రయాగలో పడవ మీద వేణీదానం చేయించారు. సంగమంలో భార్య జడ కొస కత్తిరించి గంగకి ఇవ్వాలి. దానికి ముందు భర్తే తల దువ్వి జడ వేయాలి. పురోహితుడు దువ్వెన అందించగానే పెదనాన్న అదేదో తప్పు అడ్రసుకి వచ్చిన ఉత్తరంలా చూశారు.

"మా పద్మ వేస్తుంది లెండి," అన్నారు నన్ను చూపించి.

"ఆ అమ్మాయి వేస్తే పుణ్యం ఆ అమ్మాయికే పోతుందండీ."

పుణ్యం ఇంకొకరి ఖాతాలోకి పోతుందంటే పెదనాన్న ఊరుకుంటారా? దువ్వెన పుచ్చుకున్నారు. పాత ఫైళ్ళ దుమ్ము దులిపినట్టు దువ్వారు. పాయలు జారిపోతే పళ్ళు బిగించి మళ్ళీ మొదలుపెట్టారు. పడవలో ఆడవాళ్ళంతా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. దొడ్డమ్మ మాత్రం కళ్ళు మూసుకుని నవ్వుతోంది. ఆ నవ్వు నేను ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ఆవిడ ఫోనుతోనే ఫొటో తీశాను.

బస్సులో దొడ్డమ్మ దాన్ని చూసుకుంటూనే ఉంది. "పద్మా, మిగతావన్నీ పోయినా పోనీ. ఇదొక్కటీ జాగ్రత్తమ్మా," అంది నా చెవిలో.

కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలేయాలి కదా. పెదనాన్న కాకరకాయ వదిలారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన దాన్ని నోట పెట్టలేదు.

అక్కడే దొడ్డమ్మ ఫోను నిండిపోయింది. ఇంకా గయ ఉంది, గయలో గొడుగు ఉంది. పెదనాన్న సత్రం వరండాలోకి వెళ్ళి, "అమ్మా, నీ ఫోనులో కాస్త చోటుందా?" అని మొదలుపెట్టారు. దారిలో ఆగిన జాజ్‌పూర్ ఫొటోలు మా బస్సులోనే వచ్చిన ఛత్రపురం ఉదయ్ భాస్కర్ మాస్టారికి అప్పగించారు. ప్రయాగ ఫొటోలు దిగపహండిలో కిరాణా కొట్టున్న పుణ్యవతి గారికి పోయాయి. ఆవిడకి సూరత్‌లో ఉన్న కొడుకు పెద్ద ఫోను కొనిచ్చాడు.

"మొత్తం పంపేయవే," అన్నారు నాతో. మొత్తం పంపాను.

తర్వాత దొడ్డమ్మ ఫోను ఖాళీ చేయడానికి ఆయనే కూర్చున్నారు. జడ ఫొటో దగ్గర ఆగారు. అటూ ఇటూ చూసి తీసేశారు. అంతటితో ఆగక ఫోనులోని చెత్తబుట్ట కూడా తెరిచి తుడిచేశారు. ఫోనులో చెత్తబుట్ట ఉంటుందని ఆయనకి తెలుసని నాకు అప్పటిదాకా తెలీదు. కాకరకాయ వదిలినంత సులువుగా వదిలేశారు.

ఇంటికొచ్చాక దొడ్డమ్మ అడిగింది. "ఏవండీ, ఆ ప్రయాగ ఫొటో?"

"అదొక్కటీ పాడైపోయింది. మిగతావి భద్రంగా ఉన్నాయి."

ఆ రోజు పప్పులో ఉప్పు లేదు. వంటింట్లో నేనే చెప్పాను. "పుణ్యవతి గారికి పంపాను దొడ్డమ్మా. ఆవిడ ఉంచారో, తీసేశారో."

ఫోను చేసి అడగడానికి సిగ్గుపడింది దొడ్డమ్మ. ఈ వయసులో మొగుడు జడేసిన ఫొటో కావాలని ఎలా అడుగుతుంది? కానీ యాత్రవాళ్ళందరినీ కాశీ సమారాధనకి పిలవాలని పట్టుబట్టింది. పెదనాన్నా సరేనన్నారు. ఆయన ఫొటోలు ఆయనకి రావాలి కదా.

భోజనాలయ్యాక అందరికీ గంగ చెంబులు పంచి పెదనాన్న తన ఫొటోలు అడిగారు. ఉదయ్ భాస్కర్ మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నా ఫోను ఆగి ఆగి నడుస్తోంది సార్. అన్నింట్లోనూ మీరే ఉన్నారు కదా అని ఒకటుంచి మిగతావి తీసేశాను."

పెదనాన్న పుణ్యవతి గారి వైపు తిరిగారు.

"నానూ తీసేశానన్నయ్యగారూ. మనవడి ఫొటోలకి సోటు సాల్లేదు." అని ఫోను తెరిచింది. "ఇదొక్కటే తీయలేదు. సూడండి, ఎంత బాగుందో!"

గొడుగు లేని ఫొటో అదొక్కటే. పెదనాన్న చేతిలో దువ్వెన, ముందు దొడ్డమ్మ నవ్వు.

"దిగపహండిలో దీన్ని సూడని ఆడది లేదు. మా సెల్లెలికి పంపాను, అది సమఖండిలో అందరికీ పంపింది. 'సూడు, అంత పెద్దాఫీసరు పెళ్ళానికి జడేస్తన్నారు, నువ్వు నా నడుముకి మందైనా రాయవు' అన్నాను మా ఆయన్ని."

"రాస్తున్నారా?" అంది దొడ్డమ్మ.

"రాస్తన్నాడొదినా. తిట్టుకుంటా రాస్తన్నాడు."

దొడ్డమ్మ ఆ ఫోను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. "పాడైపోయిందన్నారు?"

"పాడైందన్నాను. పోయిందన్నానా?" అన్నారు పెదనాన్న. అంత సర్వీసు ఊరికే పోతుందా?

అందరూ వెళ్ళాక దొడ్డమ్మ పెరటి అరుగు మీద కూర్చుని తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటోంది. పక్కనే ఫోను. ఫొటో అందులోకి వచ్చేసింది. పెదనాన్న వచ్చి నిలబడి దగ్గారు.

"జడ బాగానే కుదిరింది. తీసినవాళ్ళకే తీయడం రాలేదు."

దొడ్డమ్మ జుట్టు విదిలించుకుంది.

"నీ ఒక్కదాని దగ్గరే ఉంటే ఎలా? మూడు చోట్ల ఉండాలి."

"దిగపహండి అంతా ఉందిగా."

"అదేమైనా మనిల్లా?" ఇంకోసారి దగ్గారు. "నా ఫోనులో చోటుంది."

దొడ్డమ్మ ఫోను ముట్టుకోలేదు. పక్కనున్న దువ్వెన తీసి ఆయన ముందు పెట్టింది. "అలాగే పంపుతాను. ముందు ఇది పట్టుకోండి."

పెదనాన్న గుమ్మం వైపు చూశారు, గోడ మీదుగా పక్కింటి వైపు చూశారు. ఎవరూ లేరు. గిన్నెలు తోముతున్న నేను ఆయన లెక్కలోకి రాను. దువ్వెన తీసుకున్నారు.